గమ్మునుండే పాటలు

జూన్ నెల. గుడిపాల దారిలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు.
ట్రాక్టర్ల వరస కల్వర్టు దాటింది,
పెట్రోలు బంకు దాటింది.
తోతాపురి రేటు ఒక్కటే
నిన్నట్నించీ ఉన్నచోటే ఉంది.

రాత్రి కాటా నాది.
అద్దాల గది, ఎర్ర అంకెలు, చీటీల కట్ట,
కిటికీలో అరచేతంత స్పీకరు.
అందులో జాయిస్ ఆల్బం.
గ్రీమ్స్‌పేట పిల్ల. నాతోపాటు పాలిటెక్నిక్ చదివింది.
నాలుగే తీగలుండే ఉకులేలే మీద
తొమ్మిది పాటలు కట్టింది.
ఒక్కదానికీ మాటల్లేవు.
"నలుగురికీ వినిపించు, ఏమన్నారో చెప్పు,
నన్ను మెప్పించేటట్టు మాత్రం చెప్పొద్దు" అని పంపింది.

నాకేం తెలుసు.
బండి ఎక్కితే బరువు చెప్తా,
దించి వస్తే ఖాళీ బరువు తీసేస్తా.
మిగిలిందేదో చీటీలో రాస్తా.

మొదటి పాట సగంలో
చెంగల్రాయుడు కిటికీలో తల పెట్టి
"పాడేదెప్పుడబ్బా?" అన్నాడు.
పాడరు పెద్దాయనా, ఇంతే.
"ఇంతసేపూ సుతి కలుపుకుంటా ఉండారనుకుంటినే!"
చీటీ జేబులో పెట్టుకున్నాక కూడా
రెండో పాట అయ్యేదాకా నిలబడ్డాడు,
ఇప్పుడన్నా ఎవరో ఒకరు నోరు తెరుస్తారేమోనని.

కాట్పాడి డ్రైవరు వేలు
ఎవరి ఫోనో మోగుతోందని
తన జేబు రెండుసార్లు తడుముకున్నాడు.
వాడి క్లీనరు పిల్లోడు మాత్రం
నాలుగోది నాకు పంపన్నా అని
నా వెంటే తిరిగాడు.
ఎందుకురా అంటే చెప్పడు. సిగ్గు.

మునెప్ప ఒకప్పుడు పెళ్లిళ్లకు డోలు వాయించినోడు.
చెవి అద్దానికి ఆనించి మూడు పాటలు విన్నాడు.
"వేళ్లు మంచివి. గుండెకాయే చిన్నది.
తాళం చెయ్యి జారిపోతాదేమోనని
పట్టుకోని పట్టుకోని వాయిస్తా ఉండాది.
పోనీమను! పోతే ఏమవుతాది?"
కాటా పలకెక్కి
మడమతో మూడు దెబ్బలు వేసి చూపించాడు.
ఎర్ర అంకెలు కంగారుపడి
ఎనభై, నూటిరవై, అరవై అన్నాయి.
ఆయన బరువెంతో నాకిప్పటికీ తెలీదు.

కుప్పమ్మది రెండో రాత్రి వరసలో.
ఆరు టన్నులు, కింది కాయ మెత్తబడింది.
"ఆపు నాయనా ఆ పిల్ల గిటారు.
సూదుల్తో పొడిచినట్టుండాది" అంది.
ఆపాను.
అప్పుడు వినబడింది
ఆమె ట్రాలీ కింద తారు మీద
చుక్క, చుక్క, చుక్క.

అరగంటకు తనే వచ్చింది.
"మధ్యలో ఒకచోట తప్పుబోయి
మళ్లా మొదట్నించి ఎత్తుకుంటాది చూడు,
అది పెట్టు."
నేనెప్పుడూ గమనించలేదు.
వెతికితే ఐదోది. నిజమే,
ఒక తీగ గీసుకుపోయింది, చిన్న ఊపిరి,
మళ్లీ మొదలు.
తుడిచెయ్యకుండా ఉంచేసింది జాయిస్.
"ఎద్దు సాలు తప్పితే మేమూ అట్లే
గమ్మున వెనక్కి తిప్పుకొస్తాము" అంది కుప్పమ్మ.
బాగుందని అనలేదు.
ఇంకొకసారి పెట్టమని అంది.

తెల్లారి జాయిస్ అడిగింది, ఏమన్నారని.
ఉన్నదున్నట్టు రాశాను:
ఒకాయన ఇంకా మాటల కోసం చూస్తున్నాడు.
ఒకాయన నీకు ధైర్యం చాలదన్నాడు.
ఒకామెకు నీ తప్పు నచ్చింది.
ఏడో పాటలో నాకు నిద్ర పట్టింది,
అది మంచికో చెడ్డకో నువ్వే చూసుకో.

ఎనిమిదోదాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.
సరిగ్గా అప్పుడే గేటు దగ్గర
రేటు బోర్డు మారుస్తున్నారని కేక వచ్చింది.
అందరూ చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తారు.
అద్దాల గదిలో నేను,
బయట డ్రైవర్లు లేని నలభై ట్రాక్టర్లు,
నీ ఎనిమిదో పాట.

మధ్యలో ఆపబుద్ధి కాలేదు.